నలభై బిళ్ళలు

మా పాప మూడో తరగతి. బడి ఒడియాలో, ఇల్లు తెలుగులో, ఆటలు రెండింటిలో. పర్లాకిమిడిలో పిల్లలందరిదీ ఇదే వరస. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి ఏ భాష ఎలా మాట్లాడినా చెల్లిపోతుందని మా ఆయన నవ్వుతుంటారు. ఆయన సూరత్‌లో మిల్లులో పని. ఇక్కడ నేను, పాప, నాలుగేళ్ళ బాబు, నాకు తోడుగా టెక్కలి నుంచి వచ్చి ఉంటున్న మా అమ్మ. జాకెట్లు కుడతాను.

శివరాత్రికి పన్నెండు రోజుల ముందు, శుక్రవారం. బడి నుంచి వచ్చిన పిల్ల సంచీ పడేసి మంచమెక్కింది. అటుకుల పోపు పెడితే వద్దంది. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. ఏమైందే అంటే "ముండొ బింధుచి" అంది. మా అమ్మ వంటింట్లోంచి గరిటతో పరుగెత్తుకొచ్చింది, "అదేటే, పిల్ల అలాంటి మాటలాడతాది!" అని. ఒడియాలో తల నొప్పిగా ఉందని దానర్థం. అమ్మకి అది చెప్పి శాంతపరిచేసరికి పిల్ల ఒక వాంతి చేసుకుంది. తలనొప్పి, వాంతి, కడుపులో నొప్పి. అందుకని నేను అజీర్ణం అనుకున్నాను. గొంతు సంగతి రాత్రి మంచినీళ్ళు తాగబోయి ఏడ్చేవరకూ తెలీలేదు.

దగ్గు లేదు. ముక్కు కారడం లేదు. ఈ రెండూ లేకపోవడం మంచిదే అనుకున్నాను. "జలుబు చెయ్యలేదు కదా, రెండ్రోజుల్లో తగ్గిపోద్ది" అని అమ్మతో అన్నాను కూడా. తర్వాత తెలిసింది, నేను దేన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నానో డాక్టరు సరిగ్గా దాన్ని చూసే అనుమానపడతారని.

అమ్మ వైద్యం అమ్మ చేసింది. కొండనాలుక దిగిందని నడినెత్తి మీద జుట్టు పట్టి పైకి గుంజింది. పిల్ల కెవ్వుమంది. పసుపు వేసిన పాలు, మిరియాల కషాయం, ఉప్పునీళ్ళు. ఉప్పునీళ్ళు పుక్కిలించమంటే సగం మింగేసి సగం నా మీద ఉమ్మింది. పోనీ చల్లారిన చోడి అంబలి మజ్జిగ కలిపి ఇస్తే రెండు గుటకలు దిగాయి. ఆ వారమంతా పిల్ల బతికింది దాని మీదే. ఇడ్లీ కూడా గీరుకుంటోందనేది.

శనివారం పొద్దున్న మందుల షాపుకి వెళ్ళాను. షాపు పేరు అనవసరం, ఊళ్ళో ఏ షాపైనా అదే చేసేదేమో. జ్వరం, గొంతు నొప్పి, ఎనిమిదేళ్ళు అని చెప్పాను. "మూడు రోజులు, రోజుకొకటి" అని అజిత్రోమైసిన్ బిళ్ళలు మూడు కత్తిరించి ఇచ్చాడు, జ్వరానికి పారాసిటమాల్ వేరే. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న గుర్తు అది. అతను చీటీ అడగలేదు, నేను ఆ గీతని చూసీ చూడనట్టున్నాను. శనివారం డాక్టరు దగ్గర కూర్చుంటే మూడు జాకెట్లు ఆగిపోతాయి. ఇందులో తప్పంతా షాపువాడి మీద తోసెయ్యడానికి నాకు నోరు రాదు.

ఆదివారానికి జ్వరం దిగింది. సోమవారం మూడో బిళ్ళ వేశాను. మంగళవారం బడికి పంపించాను. బుధవారం మధ్యాహ్నం బడి నుంచి ఫోను, పిల్ల మళ్ళీ కాలిపోతోంది వచ్చి తీసుకెళ్ళమని. ఈసారి మెడకి రెండు పక్కలా దవడ కింద గోళీకాయల్లా బిళ్ళలు కట్టాయి. ముట్టుకోనివ్వట్లేదు. నోరు తెరిపించి ఫోను లైటు వేసి చూశాను. ఎర్రగా వాచిపోయిన టాన్సిల్స్ మీద తెల్లగా, పెరుగు చుక్కలు అంటించినట్టు. అంగిట్లో సన్నటి ఎర్రటి చుక్కలు.

గురువారం పిల్లల డాక్టరు దగ్గరికి. ఆయనది బరంపురం వైపు, ఇంట్లో ఒడియా. కానీ మా ఊళ్ళో ఇన్నేళ్ళ నుంచి ఉండి తెలుగు పట్టేశారు. పిల్లని తూకం వేయించారు. ఇరవై కిలోలు. టార్చి వేసి, నాలుక చెక్కతో నొక్కి చూసి, మెడ తడిమి, నా వైపు వేళ్ళు మడిచి చూపించారు. జ్వరం ఒకటి. మెడ ముందువైపు నొప్పిగా బిళ్ళలు, రెండు. టాన్సిల్స్ మీద తెల్లటి పూత, మూడు. దగ్గు లేదు, నాలుగు. మూడు నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్ల, ఇంకోటి. "గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌వేనమ్మా, వాటికి ఈ మందులు దండగ. కానీ ఇది చూస్తే స్ట్రెప్ లాగే ఉంది" అన్నారు. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా. దగ్గితే తుమ్మితే పక్కవాళ్ళకి అంటుతుందట, అంటిన రెండు నుంచి అయిదు రోజుల్లో బయటపడుతుందట.

అప్పుడు అడిగారు, ఇంతకుముందు ఏమైనా మందు వేశారా అని. మూడు బిళ్ళల సంగతి చెప్పాను. ఆయన తిట్టలేదు, కలం కింద పెట్టారు. గొంతులోంచి దూదిపుల్లతో తీసి, ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకి పంపితే రెండు రోజుల్లో కచ్చితంగా తేలేదట. ఇప్పుడు సగం మందు కడుపులో ఉంది కాబట్టి క్రిమి ఉన్నా కల్చర్‌లో మొలవకపోవచ్చు. లేదు అని వస్తే ఆ లేదుని నమ్మడానికి లేదు. "జ్వరం తగ్గించింది ఆ బిళ్ళ అనుకున్నారా? పారాసిటమాల్ కూడా వేశారుగా, అది దించి ఉంటుంది" అన్నారు. అజిత్రోమైసిన్‌కి ఈ క్రిమి చాలాచోట్ల లొంగడం మానేసిందట. పెన్సిలిన్ పడనివాళ్ళకి అదే ఇస్తారు గానీ, ఇచ్చినా అయిదు రోజులు ఇవ్వాలి, మూడు చాలవు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నా పిల్లకి నాలుక ఊడలేదు గానీ, పరీక్ష చేయించుకునే దారి పోయింది.

పక్కనే ల్యాబ్ ఉంది కదా, ఏదో రక్తపరీక్ష ఉందంట, ఏఎస్‌వో, అది రాస్తారా అని అడిగాను. ఎవరో చెప్పగా విన్న పేరు. తల అడ్డంగా ఊపారు. అది ఒంట్లో ఈ క్రిమి మీద తయారయ్యే విరుగుడు లెక్క, పెరగడానికి వారాలు పడుతుంది, ఇవాళ గొంతులో ఏముందో అది చెప్పదు అన్నారు. డబ్బులు మిగిలాయి.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?" అని వేళ్ళ మీద లెక్కపెట్టించారు. శుక్రవారం నుంచి ఇవాళ్టికి ఏడో రోజు. "తొమ్మిది రోజుల లోపు సరైన మందు మొదలుపెడితే చాలు. టైం ఉంది" అన్నారు. దేనికి టైం అని అడిగాను. గుండెకి అన్నారు.

నాకు ఆ మాట అర్థం కాలేదు. గొంతుకీ గుండెకీ ఏం సంబంధం? ఆయన చెప్పింది నాకు తెలిసినట్టు చెప్తాను. గొంతు నొప్పి అయితే మందు వేసినా వేయకపోయినా వారంలో దానంతటదే తగ్గుతుంది. ఊరుకోనిది మన ఒళ్ళే. ఆ క్రిమి మీదికి తయారుచేసుకున్న ఆయుధాలు, దాని పోలికలు మన కీళ్ళలో, గుండె కవాటాల్లో కనిపిస్తే వాటి మీద కూడా పడతాయి. గొంతు తగ్గి అంతా మర్చిపోయాక, రెండు మూడు వారాలకి. దాన్నే రుమాటిక్ జ్వరం అంటారు. స్ట్రెప్ వచ్చిన ప్రతి బిడ్డకీ వస్తుందని కాదు, కొద్దిమందికే. ఆ కొద్దిమంది ఎవరో ముందు తెలీదు.

రెండు దారులు చెప్పారు. ఒకటి, బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్, తుంటికి ఒక్కసారి. ఇరవై కిలోల పిల్లకి ఆరు లక్షల యూనిట్లు, దాంతో అయిపోయినట్టే, కానీ చాలా నొప్పి. రెండోది, అమాక్సిసిలిన్ బిళ్ళలు, పది రోజులు. ఇదీ పెన్సిలిన్ జాతిదే. 1928లో ఫ్లెమింగ్ కనిపెట్టిన మందు, దాదాపు వందేళ్ళవుతున్నా ఈ ఒక్క క్రిమి మాత్రం ఆ జాతి మందుకి ఎదురు తిరగడం నేర్చుకోలేదట. ఇంతకుముందు ఎప్పుడైనా పెన్సిలిన్ పడక దద్దుర్లు, ఆయాసం వచ్చాయా అని రెండుసార్లు అడిగారు. లేదన్నాను. "సూది" అన్న మాట వినగానే పిల్ల నా చీర కొంగులో దూరింది. బిళ్ళలే రాయించుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే సూదే నయమేమో. ఒక్క నిమిషం ఏడుపు, పది రోజుల హైరానా ఉండేది కాదు.

నీళ్ళలో కరిగే 250 బిళ్ళలు, పొద్దున్న రెండు, రాత్రి రెండు. ఇది మా పిల్ల బరువుకి కట్టిన లెక్క. పూటకి రెండు, పది రోజులకి నలభై. షాపులో ఇరవయ్యే ఉన్నాయి, మిగతావి మంగళవారం లోపు తెప్పిస్తానన్నాడు.

ఇంకొన్ని చెప్పారు. నోరు తెరవలేకపోయినా, చొంగ మింగలేక కారుతున్నా, మాట నోట్లో వేడి అన్నం పెట్టుకున్నట్టు వచ్చినా, మెడ ఒక పక్కే వాచినా, ఊపిరి కష్టమైనా రాత్రీ పగలూ చూడకుండా తీసుకురమ్మన్నారు. పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వద్దన్నారు. మందు పడి ఒక రోజు పూర్తిగా గడిచి, జ్వరం లేకపోతే బడికి పంపొచ్చు, అప్పటికి అంటించే గుణం పోతుంది. గ్లాసు, తువ్వాలు వేరే. బాబుకి జ్వరం గానీ గొంతు నొప్పి గానీ వస్తే తీసుకురండి, ఊరికే మందు వెయ్యొద్దు అన్నారు.

ఇంటికొచ్చి కుట్టుమిషను బల్ల మీద గుడ్డకి గుర్తులు పెట్టే సుద్దతో ఇరవై గీతలు గీశాను. ఒక పూట వేస్తే ఒక గీత చెరపడం. గురువారం రాత్రి మొదటి గీత పోయింది. శుక్రవారం సాయంత్రానికి జ్వరం లేదు. శనివారం పొద్దున్నే చద్దన్నంలో పెరుగు వేసుకుని, ఉల్లిపాయ కొరుక్కుని తింది. ఆదివారం వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది.

కష్టం అక్కడ మొదలైంది. జ్వరంతో మూలుగుతున్న పిల్లకి మందు వెయ్యడం తేలిక, తను కూడా నోరు తెరుస్తుంది. తొక్కుడుబిళ్ళ ఆడుతున్న పిల్లని పట్టుకుని, ఆ పళ్ళరసం వాసన కొట్టే తెల్లటి నీళ్ళు తాగించడం ఎంత కష్టమో! "నాకు తగ్గిపోయింది కదా" అంటుంది. నిజమే కదా మరి. పైగా సోమవారం పొద్దున్నకి మూడుసార్లు నీళ్ళ విరేచనాలు. "వేడి చేసేసినాదే. ఇంకెందుకు ఆ మందులు, పిల్ల కడుపు పాడుచేస్తన్నావు" అని అమ్మ. నాకూ అదే అనిపించింది. ఆ పూట వెయ్యలేదు. గీత చెరపలేదు, కానీ బిళ్ళ కూడా తియ్యలేదు. సూరత్‌కి ఫోను చేస్తే ఆయన కూడా, తగ్గిపోయింది కదా నీ ఇష్టం అన్నారు.

పన్నెండింటికి మా వదిన వచ్చింది. మా ఆయన అక్క. ఉండేది పాతపట్నంలో. అది ఆంధ్ర, మాది ఒడిశా, మధ్య దూరం ఆటోలో ముచ్చట్లు పూర్తికానంత. 1936లో గీత గీసి విడదీశారు గానీ చుట్టరికాలు ఆ గీతని ఎప్పుడూ లెక్క చెయ్యలేదు. పిల్లకి బాగోలేదని విని కమలాపళ్ళు పట్టుకొచ్చింది. బల్ల మీది గీతలు చూసి ఏమిటని అడిగింది. చెప్పాను. పొద్దున్న పూట మానేశానని కూడా చెప్పాను, పెద్ద తప్పేం కాదన్నట్టు.

వదిన కమలాపండు ఒలుస్తున్నదల్లా ఆగింది. "అమ్మాయ్, నేను ఇరవయ్యొక్క రోజులకోసారి సూది పొడిపించుకుంటానా, ఎందుకనుకుంటన్నావు?"

ఏదో గుండె జబ్బు అని తెలుసు. పెళ్ళై వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను, మూడు వారాలకోసారి ఆసుపత్రికి వెళ్ళొస్తుంది, రెండు రోజులు ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

"నాకూ పదేళ్ళప్పుడు ఇలాగే గొంతుకు నొప్పొచ్చింది. మా అమ్మ పసుపు పట్టేసింది, తగ్గిపోనాది. తర్వాత మోకాళ్ళు వాచిపోయాయి. ఒకటి తగ్గితే ఇంకోటి, మోకాలు నుంచి చీలమండకి, అక్కణ్ణుంచి మోచేతికి. వాతం అన్నారు. అదీ పోనాది. మళ్ళీ పెద్దోడు కడుపులో పడ్డాక, ఆరో నెల్లో, పడుకుంటే ఊపిరాడేది కాదు. అప్పుడు చెప్పారు, గుండెలో తలుపు మూసుకుపోయిందని."

మైట్రల్ కవాటం. కాన్పయ్యాక వైజాగ్‌లో తొడ దగ్గర రక్తనాళంలోంచి బెలూను పంపి ఆ తలుపు వెడల్పు చేశారు. కడుపుతో ఉన్నప్పుడు రక్తం పెరిగి గుండె మీద బరువు పడేసరికి, అప్పటిదాకా తెలియని ఇరుకు అలా బయటపడుతుందట. ఇప్పుడు ఆ మూడు వారాల సూది ఎందుకంటే, గొంతులోకి ఆ క్రిమి మళ్ళీ రాకుండా. మళ్ళీ వస్తే ఆ తలుపు ఇంకా పాడవుతుంది. ఆ సూదిలో ఉన్నది పిల్లకి వెయ్యమన్న బెంజథిన్ పెన్సిలినే, పెద్దవాళ్ళ మోతాదు, పన్నెండు లక్షలు. నలభై ఏళ్ళు దాటేవరకూ తప్పదన్నారు, ఆ తర్వాత కూడా ఉండొచ్చన్నారు.

"నాకు నలభై బిళ్ళలు ఎవడూ ఇవ్వలేదే. ఇస్తే మింగకపోదునా?" అంది. కోపంగా కాదు, మామూలుగానే.

డాక్టరుకి ఫోను చేశాను. విరేచనాలు ఈ మందుతో మామూలే, రక్తం గానీ ఒంటి మీద దద్దుర్లు గానీ ఉంటేనే ఆపి రండి, లేకపోతే పెరుగన్నం, ఓఆర్‌ఎస్ ఇస్తూ మందు నడిపించండి అన్నారు. తప్పిన పూట ఇప్పుడే వేసెయ్యండి, రాత్రిది కాస్త వెనక్కి జరపండి, అంతేగానీ రెండు పూటలవి ఒకేసారి కలిపి వెయ్యొద్దు అన్నారు. వేశాను. గీత చెరిపాను. ఆ సాయంత్రమే మిగతా ఇరవై బిళ్ళలు వదిన పాతపట్నంలో కొని వాళ్ళబ్బాయి చేత పంపింది. మా షాపువాడు తెప్పించే లోపే.

బుధవారం శివరాత్రి. మా జిల్లాలో శివరాత్రి అంటే మహేంద్రగిరి. 1501 మీటర్ల కొండ, పైన పాండవుల పేర్లతో పాత రాతి గుళ్ళు, ఆ రాత్రికి ఎక్కడెక్కడి జనం. మా ఆడపడుచుల పిల్లలంతా జీపు మాట్లాడుకున్నారు. మా పాప వెళ్తానని ఒకటే పేచీ. పంపకపోతే పాపం, పంపితే భయం. చివరికి నేనూ ఎక్కాను. పిల్లకి ఉపవాసం లేదని ముందే అందరికీ చెప్పేశాను, పులిహోర పొట్లం కట్టుకొచ్చాను. పైన చలి కొరికేస్తోంది. రాత్రి ఎనిమిదింటికి జనం మధ్యలో, సెల్లు లైటు వెలుగులో, నీళ్ళ సీసా మూతలో రెండు బిళ్ళలు వేసి వేలితో కలిపాను. పక్కన కూర్చున్న సవర ముసలమ్మ ఒకామె తన దుప్పటి అంచు మా పిల్ల మీదికి లాగింది. పిల్ల తాగేసి, మూతలో అడుగున మిగిలిన పొడి కూడా నాకేసింది. మర్నాడు ఇంటికొచ్చాకే గీత చెరిపాను.

ఆదివారం పొద్దున్న ఇరవయ్యో గీత పిల్లే చెరిపింది, తడిగుడ్డ పెట్టి బల్లంతా తుడిచేసింది. నా జాకెట్ల కొలతల గుర్తులు కూడా అందులో పోయాయి.

డాక్టరు చివరిగా ఒక మాట చెప్పి ఉన్నారు. ఇంకో మూడు వారాలు కన్నేసి ఉండండి. ఒంటికి పోసేది టీ డికాక్షన్ రంగులో వచ్చినా, పొద్దున్నే మొహం వాచినా మూత్రపిండాలకి తగిలినట్టు. కీళ్ళు వాచినా, ఒక కీలు నుంచి ఇంకో కీలుకి నొప్పి పాకినా, ఆయాసం వచ్చినా వెంటనే రండి అన్నారు. కాబట్టి రోజూ పొద్దున్నే బాత్రూం దగ్గర కాపలా. పిల్లకి సిగ్గు, నాకు మొండితనం.

మందు అయిపోయాక సరిగ్గా పదిహేనో రోజు సాయంత్రం, బడి నుంచి కుంటుకుంటూ వచ్చింది. గుమ్మంలో కూలబడి "గోడొ బింధుచి" అంది. కాలు నొప్పి. నా చేతిలో కత్తెర జారిపోయింది. ఏ కాలు, ఎక్కడ, మోకాలా, వాచిందా, నిన్న ఇంకో కాలు నొప్పి పుట్టిందా అని గౌను పైకెత్తి చూద్దును కదా, మోకాలి చిప్ప మీద చర్మం లేచిపోయి మట్టి అంటుకుని ఉంది. బడి గేటు ఎక్కి దూకిందట.

"గోడకి నొప్పేటే?" అని వెనక నుంచి మా అమ్మ.